నూడుల్స్ ఎవరు వేశారు?

కుటుంబాన్ని నిలబెట్టేది ప్రేమ కాదు, పెళ్లినాటి ప్రమాణాలు కాదు, ఆదివారం చర్చి అంతకన్నా కాదు. స్లో కుక్కర్! నవ్వకండి. అమెరికాలోని అయోవాలో పుట్టి పెరిగి, ఇరవై ఏళ్లుగా ఈ ఊరి పిల్లల్ని పసుపు బస్సులో బడికి చేరుస్తున్నవాణ్ణి, బాధ్యతగా చెబుతున్నాను.

నా చిన్నతనంలో మా ఇంట్లో రోజంతా మెల్లగా ఉడికించే ఈ కరెంటు యంత్రం లేదు. సాయంత్రం ఆరయ్యేసరికి మా అమ్మ వెనక తలుపు తీసి ఒక్క కేక పెట్టేది. అంతే! పశువుల కొట్టంలో ఉన్నవాడు కొట్టంలోంచి, చెరువు మంచు మీద జారుతున్నవాడు మంచు మీంచి పరుగెత్తుకు రావాల్సిందే. ఐదుగురు పిల్లలం, అమ్మా నాన్నా, ఒకటే బల్ల. మోచేతులు తగిలేవి. బల్ల కింద తన్నులు నడిచేవి. ఎవరికి లెక్కల్లో మార్కులు తగ్గాయో, ఎవరు ఎవరితో మొక్కజొన్న చేలోంచి బయటికొచ్చారో, బంగాళాదుంపలు ఒక చుట్టు తిరిగేలోపే అందరికీ తెలిసిపోయేది. ఆ నిరంకుశ పాలనను పద్దెనిమిదేళ్లు భరించాను.

ఇప్పుడు చూడండి! మా ఆవిడ డార్లా పొద్దున ఆరింటికి, పళ్లు తోముకుంటూనే, మూడు పౌన్ల బీఫ్ ముక్కను కుక్కర్‌లో పడేస్తుంది. దాని మీద రెండు డబ్బాల పుట్టగొడుగుల క్రీమ్ సూపు, ఒక ప్యాకెట్ ఉల్లి సూపు పొడి, కాస్త నీళ్లు. మూత పెట్టి, సన్నసెగ మీదికి తిప్పి, తను పనిచేసే క్లినిక్‌కి వెళ్లిపోతుంది. వేయించేది లేదు, కలియబెట్టేది లేదు. తొమ్మిది గంటల తర్వాత ఆ మాంసం ఫోర్కును చూడగానే విడిపోతుంది. చివర్లో నూడుల్స్ వేసి, ఒక గిన్నెడు పుల్లమీగడ కలిపితే విందు సిద్ధం! దాన్ని మెదిపిన బంగాళాదుంపల మీద వేసుకు తింటాం. పిండి మీద పిండి ఏమిటని బయటి ఊళ్లవాళ్లు వెక్కిరిస్తారు. వాళ్లు ఇక్కడి జనవరి చూడలేదు.

కుక్కర్ అసలు మహిమ మాత్రం వంటలో లేదు. 'వార్మ్' అనే బటన్‌లో ఉంది. వంట అయిపోయాక ఆ బటన్ దానంతటదే వెలిగి, గంటల తరబడి కూరను వెచ్చగా ఉంచుతుంది. కూర ఆగుతుంది కాబట్టి మనిషి మనిషి కోసం ఆగక్కర్లేదు. ఎప్పుడొచ్చినా మూత తీయడం, గిన్నె నింపుకోవడం, ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లి తలుపేసుకోవడం. ఎవరికి వారే యమునా తీరే! ఇంతటి స్వాతంత్ర్యం ఏ రాజ్యాంగం ఇచ్చింది చెప్పండి?

దీని ఫలితాలు ఒకటా రెండా! మా అబ్బాయి గేవిన్‌కు పదిహేనేళ్లు. వాడికి గొంతు మారిందన్న సంగతి నాకు ఫోనులో తెలిసింది. ప్లంబర్ అనుకుని, "ఇవాళ రానక్కర్లేదు బాబూ, లీకు ఆగిపోయింది" అని పెట్టేశాను. పాపం, బండి తీసుకురమ్మని చెబుదామనుకున్నవాడు బడి ముందు మంచులో నలభై నిమిషాలు నిలబడ్డాడు. మా అమ్మాయి టెస్సా బాస్కెట్‌బాల్ జట్టుకు కెప్టెన్ అయిందని మా ఊరి వారపత్రికలో చదివాను. ఫొటో బాగా వచ్చింది. ఆనవాలు పట్టాను.

ఇక డార్లా, నేను కుక్కర్ మూత మీద అంటించిన చీటీలతోనే కాపురం నెట్టుకొస్తున్నాం. 'ఉప్పు సరిపోయిందా?' అని ఆమె రాస్తుంది. 'సరిపోయింది' అని నేను కింద రాస్తాను. మూడు వారాలుగా మా మధ్య ఒక్క గొడవ లేదు! పెళ్లయిన కొత్తల్లో రోజుకు రెండు ఉండేవి.

అయితే ఎంత గొప్ప ఏర్పాటులోనైనా ఒక లొసుగు ఉంటుంది. మా ఏర్పాటులో అది నూడుల్స్. మాంసం ఆగుతుంది, సూపు ఆగుతుంది. నూడుల్స్ మాత్రం ఎవరి కోసమూ ఆగవు. చివరి అరగంటలో వేయాలి, అయిన వెంటనే తినాలి. ఆలస్యమైతే ఉబ్బి, కరిగి, గోడలకు పోస్టర్లు అంటించడానికి పనికొస్తాయి. అందుకని డార్లా మూత మీద ఒక శాశ్వత చీటీ అంటించింది: 'ముందు వచ్చినవాళ్లు నూడుల్స్ వేయండి.'

నెల కిందట ఒక మంగళవారం మా బస్సుల షెడ్డులో నాకు చిన్న సన్మానం జరిగింది. ఇరవై ఏళ్లు బస్సు నడిపినా ఒక్క ప్రమాదం లేదట. కాఫీ, కేకు, చప్పట్లు, ఒక ఇత్తడి బ్యాడ్జి. దాన్ని జేబులో వేసుకుని ఇంటికి వస్తుంటే ఒకటే ఆలోచన. ఇది ముగ్గురికీ ఒకేసారి చూపించాలి!

మా ఇంట్లో ఏ కబురైనా మూడుసార్లు చెప్పాలి మరి. మొదటిసారి అది కథలా ఉంటుంది. రెండోసారి రేడియో వార్తలా ఉంటుంది. మూడోసారికి, "అదే, బ్యాడ్జి ఇచ్చార్లే" అని ఊరుకుంటాను. ఈ ఒక్క కబురును అలా అరగదీయడానికి మనసొప్పలేదు. మరి 'అందరూ ఒక్క పూట కలిసి తిందాం రండి' అని ఫోన్ చేయొచ్చు కదా అంటారు మీరు. మేం అయోవావాళ్లం! కాలి మీద ట్రాక్టర్ ఎక్కినా, "వీలైతే కాస్త జరుపుతావా, తొందరేం లేదు" అనేవాళ్లం. ఇంట్లోవాళ్లను నాతో కలిసి తినమని అడగడమా?

ఆరు కావస్తుండగా ఇల్లు చేరాను. ఎవరూ లేరు. చీటీ చదివాను. ముందు వచ్చింది నేనే కదా అని ఫ్రీజర్‌లోంచి ఒక ప్యాకెట్ తీసి వేశాను. కూర కాస్త చిక్కగా కనిపించింది. పుల్లమీగడ మహిమ అనుకున్నాను. వాలు కుర్చీలో నడుం వాల్చి, బ్యాడ్జి జేబులో తడుముకుంటూ కునుకు తీశాను.

ఏడున్నరకు వంటింట్లో 'టప్' మని చప్పుడు. లేచి వెళ్లేసరికి కుక్కర్ మూత బెత్తెడు పైకి లేచి ఉంది. కింద నుంచి తెల్లగా, మెల్లగా ఏదో పైకి వస్తోంది. డార్లా కోటైనా విప్పకుండా దాని ముందు నిలబడి ఉంది. అప్పుడే వచ్చిన పిల్లలిద్దరూ గుమ్మంలో ఆగిపోయారు.

"ఎవరు చేశారిది?" అంది డార్లా.

"నూడుల్స్ వేశానంతే! ముందు వచ్చినవాళ్లు వేయమన్నావుగా," అన్నాను.

"నువ్వు వేశావా? ఇప్పుడే వచ్చీ రాగానే నేనూ వేశానే!"

"అయ్యో, ఐదింటికే నేను వేసి ప్రాక్టీసుకు పోయాను కదమ్మా," అంది టెస్సా.

ముగ్గురం గేవిన్ వైపు తిరిగాం. వాడు వంగి బూట్ల తాళ్లు విప్పుతున్నాడు, అంత పని లేకపోయినా.

"ఒరేయ్, నువ్వు కూడానా?" అంది వాళ్లక్క.

"నాలుగింటికి వచ్చాను, చీటీ వేయమంది, వేశాను. బడిలో కుస్తీ పోటీకి బరువు చూసే రోజని తినకుండా పోయాను. వేశాక చీటీ పీకేయమని ఎక్కడుంది?"

తిలాపాపం తలా పిడికెడు. మొత్తం నాలుగు ప్యాకెట్లు!

"అది సరే డార్లా, అందరికన్నా ఆఖర్న వచ్చి నువ్వెందుకు వేశావ్?"

"మీ ముగ్గురి సంగతి నాకు తెలీదా లైల్? ఒక్కళ్లూ వేసుండరనుకున్నా. కళ్లద్దాలకు ఆవిరి పట్టి లోపలేముందో కనిపిస్తేనా!"

గరిటె నిలబెడితే నిలబడింది. చివరికి రొట్టెలు కోసే కత్తి తెచ్చాం. కుక్కర్‌ను కదలకుండా ఇద్దరు పట్టుకుంటే ఒకరు కోయాలి, ఒకరు పళ్లెం పట్టాలి. అలా నలుగురికీ పని పడింది. కోసింది పెట్టుకోవడానికి బల్ల కావాల్సి వచ్చింది. దాని మీదున్న ఉతికిన బట్టల గుట్ట దించితే, కింద నాలుగు కుర్చీలు అలాగే ఉన్నాయి.

"ఎలా ఉంది?" అంది డార్లా.

గేవిన్ చాలాసేపు నమిలాడు. "వేరుగా ఉందమ్మా," అన్నాడు.

మా వైపు వంటను ఇంతకన్నా ఘోరంగా తిట్టే మాట లేదు. టెస్సాకు నవ్వాగక తాగుతున్న పాలు ముక్కులోంచి వచ్చాయి. అది చూసి డార్లా బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. ఇదే అదనని బ్యాడ్జి తీసి బల్ల మధ్యలో పెట్టాను. కథ మొదటి నుంచి చివరిదాకా, కేకు రంగుతో సహా, ఒక్కసారే చెప్పాను.

"ఒక్క ప్రమాదం కూడా లేదా?" అన్నాడు గేవిన్. "మరి రోడ్డు పక్క స్తంభం మీదున్న మన మెయిల్ పెట్టెను గుద్దింది ఎవరు నాన్నా?"

"అది బస్సుతో కాదురా, మన ట్రక్కుతో."

"రెండుసార్లు!" అంది టెస్సా.

"రెండోసారి అదే నా దారికి అడ్డం వంగింది."

డార్లా బ్యాడ్జిని అటూ ఇటూ తిప్పి చూసి, స్వెటరుకు తుడిచి, నా చొక్కాకు పెట్టింది. "ఇరవై ఏళ్లు లైల్," అంది. నేను గ్లాసెడు నీళ్లు గటగటా తాగేశాను. నూడుల్స్ అడ్డం పడ్డాయి మరి.

ఆ రాత్రి తొమ్మిదింటిదాకా ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. ఎంత కాలహరణం! నాలుగు గదుల్లో నాలుగు పనులు ఆగిపోయాయి. ఒక చిన్న పొరపాటు ఎంత పని చేస్తుందో చూశారా?

మర్నాడే డార్లా కొత్త చీటీ అంటించింది. నాలుగు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక గడి. వేసినవాళ్లు టిక్కు పెట్టాలి. ఇప్పుడు పొరపాటుకు తావే లేదు. కూర ఆగుతోంది, ఎవరి వేళకు వాళ్లు తింటున్నారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. స్లో కుక్కర్‌కు జై!

అయితే ఒక్క విచిత్రం. చీటీలో ఒకే టిక్కు ఉన్నా గత మంగళవారం మూత మళ్లీ లేచింది. అంతకు ముందు మంగళవారమూ లేచింది. అదీ, అందరూ ఇల్లు చేరే ఏడున్నరకే! డార్లాకు గేవిన్ మీద అనుమానం. గేవిన్‌కు వాళ్లక్క మీద అనుమానం. విచారణ కోసం రెండుసార్లూ నలుగురం బల్ల చుట్టూ కూర్చోక తప్పలేదు.

నన్నింకా ఎవరూ అడగలేదు. అడిగితే బ్యాడ్జి చూపిస్తాను. ఇరవై ఏళ్లలో నా చేతుల మీద ఒక్క ప్రమాదం జరగలేదు. ఇదీ ప్రమాదవశాత్తూ జరిగింది కాదు.