సలాడ్ మీద సర్వసభ్య సమావేశం

ఒక పెద్ద అడవిలో, వాగు వంపు తిరిగే చోట, జంతువులన్నీ కలిసి కూరగాయల తోట వేసుకున్నాయి. శివరాత్రి వెళ్ళిపోయింది. ఎండ ముదిరింది. కీరా తీగలు పసుపెక్కాయి, కొత్తిమీర పూతకొచ్చింది. మిగిలిన టమాటాలు వంకరటింకరగా ఉన్నా, లోపల నిండా రసమే.

అదే ఆఖరి కాపు. వానలు పడేదాకా మళ్ళీ పచ్చిముక్క దొరకదు.

"అందరం సలాడ్ చేసుకుని తిందాం" అంది కుందేలు చెవులమ్మ.

తోట సంఘం అధ్యక్షుడు ఎలుగుబంటి బొద్దప్పకి ఆ మాట మింగుడుపడలేదు. కార్యదర్శి నక్షత్రాన్ని చాటుకి పిలిచాడు. నక్షత్రం నక్క.

"అందరూ తింటే మనకేం మిగులుతుందయ్యా?"

"మీటింగు పెట్టండి సార్. మాట్లాడీ మాట్లాడీ మధ్యాహ్నానికి అందరూ నిద్రపోతారు. క్యారెట్లు మీకు, కీరా నాకు."

మర్నాడు పొద్దున్నే తోట పక్క పాకలో సభ మొదలైంది.

"ముందు తేలాల్సింది ఒకటే. అసలు సలాడ్ అంటే ఏమిటి?" అన్నాడు నక్షత్రం గొంతు సవరించుకుని.

"ఉల్లిపాయ పడితేనే సలాడ్!" అని లేచాడు కోతి కొమ్మరాజు.

"ఆ కంపు నా ఈకలకి పడుతుంది" అన్నాడు నెమలి నీలకంఠం. "ముక్కలు గుండ్రంగానా, నిలువుగానా? అది చెప్పండి ముందు."

"నువ్వు వద్దన్నావు కాబట్టి రెండు ఉల్లిపాయలు వేయాలి!" అన్నాడు కొమ్మరాజు.

"ఉపసంఘం వేద్దాం" అని ఏనుగు గంభీరయ్య మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

చెవులమ్మకి ఒళ్ళు మండింది. "ఏమిటండీ ఈ గోల? ముక్కలు కోయాలి, ఉప్పు చల్లాలి, నిమ్మకాయ పిండాలి, తినాలి. మీరు తేల్చేలోపు టమాటాలు కుళ్ళిపోతాయి!"

"సభాధిక్కారం!" అని కేకేశాడు నక్షత్రం.

బొద్దప్ప బల్ల గుద్దాడు. "గెంటండి ఈవిణ్ణి! సభ ముగిసేదాకా లోపలికి రానివ్వకండి!"

చెవులమ్మ ఏడుపు మొహంతో బయటికొచ్చింది. బయటంటే ఎక్కడో కాదు, తోటే. కాసేపు ముక్కు చీదుకుంది. తర్వాత ఎదురుగా కనిపించిన ముల్లంగిని పీకి, పళ్ళతో బిళ్ళలు బిళ్ళలుగా కొరికింది. కీరా, టమాటా, క్యారెట్ కలిపి మోదుగాకుల్లో పోసింది. ఉప్పురాయి గీకి చల్లింది. నిమ్మకాయని వెనక్కాళ్ళతో తొక్కి పిండింది. కొత్తిమీర తుంచి వేసింది.

సభలోకి కరకరమని చప్పుడొచ్చింది. వెనకే నిమ్మకాయ వాసన.

కొమ్మరాజు మాట మధ్యలో ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. గెంటితే తప్ప సభ మధ్యలో లేచి పోకూడదని సంఘం రూలు.

"అధ్యక్షా! నీ బొచ్చు నిండా పేలు!"

"గెంటండి!"

ఎవరూ గెంటకముందే కొమ్మరాజు తోటలో ఉన్నాడు.

నీలకంఠం అధ్యక్షుడికి వీపు చూపించి మరీ పురి విప్పి ఆడాడు. "గెంటండి!" గంభీరయ్య పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ పల్లెత్తు మాట అన్నవాడు కాదు. చాలాసేపు ఆలోచించి, సిగ్గుపడుతూ, "బొద్దప్పా, నువ్వు కాస్త లావు" అన్నాడు. "గెంటండి!"

ఇక ఉడతలూ లేళ్ళూ ముళ్ళపందులూ తిట్టడానికి వరస కట్టాయి. తొందరలో ఒక తాబేలు తనని తానే తిట్టుకుంది. దాన్నీ గెంటేశారు.

బొద్దప్ప ఊపిరి తీసుకుని చూసేసరికి సభలో మిగిలింది ఇద్దరే. బయట ఒకటే నవ్వులు.

"సార్," అన్నాడు నక్షత్రం మెల్లగా, "మీరు వట్టి దద్దమ్మ."

"క్షమించాను. కూర్చో."

"మీ అంత చేతకానివాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు!"

"అదీ క్షమించాను."

"మీ కాళ్ళు పట్టుకుంటాను, గెంటండి సార్!"

"నన్నెవడు గెంటుతాడయ్యా? నాకూ ఆకలేస్తోంది."

"పోనీ సభ ముగించండి."

"సగం మంది లేందే ముగించకూడదని రూలు రాసింది నువ్వే కదా!"

"అయితే కుర్చీ దిగి వెళ్ళి తినండి."

బొద్దప్ప నక్క మొహంలోకి పరీక్షగా చూశాడు. "నేను దిగితే ఇందులో నువ్వు కూర్చుంటావు."

నక్షత్రం కాదనలేదు. అలాగని లేచి బయటికీ పోలేదు. బొద్దప్ప ఎప్పటికైనా దిగకపోతాడా అని కుర్చీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రానికి తోటలో కొత్తిమీర కాడ కూడా మిగల్లేదు.

నీతి: ఆకలి లేనివాడే అధ్యక్షుడు కావాలి, మిగతావాళ్ళు భోజనం వేళకి ఆయన్ని తిట్టి బయటపడాలి.