అద్దం అవతల పెళ్ళికొడుకు

పొద్దున్నే బావమరిది పెళ్ళికోటుకు చివరి గుండీ కుట్టేసి, కొత్త రైలెక్కి, పెళ్ళివేళకు ముందే కొండ అవతలున్న హాలు చేరాలన్నది దర్జీ పథకం. ఊరంతా ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రైలు ఆ రోజే మొదలవుతోంది. కొండ చుట్టి వెళ్ళే బస్సుకు సగం రోజు పడితే, కొండను తొలుచుకుపోయే రైలుకు ఓ కునుకు తీసేంత సేపు చాలన్నారు. అందుకే ముందురోజు బస్సెక్కుతూ భార్య ఆ కోటు తనే తీసుకెళ్తానంటే, "రైలుండగా నీకు భయమేంటే?" అన్నాడు.

సొరంగం దాటగానే రైలు ఆగిపోయింది. "మనమిప్పుడు అత్యంత వేగంగా ప్రయాణిస్తున్నాం" అని స్పీకరులో తీయటి గొంతు పలికింది.

భార్య ఫోను చేసింది. "ఎక్కడున్నారండీ?"

"రైలు ఇంకా కదల్లేదే..." అన్నాడు. మొదటి మాట గాలిలో కలిసిపోయి, ఆ వెంటనే ఫోను కట్టయింది.

"మీ బావ ఇంట్లోంచి కదల్లేదట్రా!" అని ఆమె తమ్ముడి దగ్గర గొల్లుమంది.

"ఏడవకక్కా. కొత్త రైలుందిగా, ఇలా వెళ్ళి అలా తెచ్చేసుకుంటా" అని పెళ్ళికొడుకు పరిగెత్తాడు.

చాలాసేపటికి ఎదురు రైలొచ్చి పక్క పట్టాల మీద ఆగింది. తన కిటికీకి సరిగ్గా ఎదురుగా బావమరిది కనిపించేసరికి దర్జీ ఎగిరి లేచాడు. తెరుచుకోని అద్దానికి కోటు ఆనించి చూపించాడు. అవతల పెళ్ళికొడుకు నెత్తి బాదుకున్నాడు.

దర్జీ గార్డు కాళ్ళావేళ్ళా పడ్డాడు. "ఒక్క తలుపు తీయండి బాబూ!"

"స్టేషన్లోనే తెరుచుకుంటాయండీ. మధ్యలో మనుషులు దిగకూడదు."

"మనిషి కాదండీ, కోటు దిగుతుంది!"

గార్డు ఆలోచించేలోపే రెండు రైళ్ళూ కదిలాయి, చెరో వైపుకి.

హాలు చేరేసరికి పెళ్ళివేళ దాటిపోయింది. చుట్టాలు సగం మంది వెళ్ళిపోయారు. భార్య ఓ మూల కూలబడి ఉంది. దర్జీ తల వంచుకుని కోటు పెళ్ళికూతురి ముందు పెట్టాడు.

ఆమె దాని చేతి అంచును ఒకసారి తడిమింది. "చాలా బాగా కుట్టారన్నయ్యగారూ. కానీ కోటు లేకపోయినా పెళ్ళి జరిగేదండీ" అంది.

పెళ్ళికొడుకు బస్సులో నిలబడి తిరిగొచ్చేసరికి చీకటిపడింది. మడతేస్తున్న కుర్చీల మధ్యే పెళ్ళి కానిచ్చారు.

తొలిరోజు ఒక్క ఫిర్యాదూ రాలేదని రైలు అధికారులు గర్వంగా ప్రకటించారు. ఫిర్యాదులు తీసుకునే గది ఇంకా కట్టలేదు.