సర్వరయ్య సెలవు

మనిషి తలుపు కనిపెట్టింది లోపలికి పోవడానికా, ఎవర్నీ రానివ్వకుండా ఉండటానికా అనే తగవును ఈ కథలోని కంపెనీ శాశ్వతంగా తేల్చేసింది. అక్కడి నెట్‌వర్క్ భద్రతా విభాగం మొదటి నిబంధన ప్రకారం, బయటినుంచి వచ్చేది ఏదైనా సరే, కాదని రుజువయ్యేదాకా దొంగే. (రుజువు కూడా బయటినుంచే రావాలి కాబట్టి అదీ దొంగే.)

ఆ కంపెనీలో సర్వర్లు చూసుకునే ఆయన్ని అందరూ సర్వరయ్య అంటారు. అసలు పేరు ఆయన జీతం చీటీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయన చేతికింద ఒక పెద్ద సర్వరుంది. లక్షమంది ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు అన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. దాని సాఫ్ట్‌వేర్‌లో చిల్లు పడిందని తయారుచేసినవాళ్లే ఒప్పుకుని, పూడ్చుకోవడానికి ఒక ప్యాచ్, అంటే అతుకులాంటి చిన్న ఫైలు, తమ సైట్‌లో ఊరికే పెట్టారు. దింపుకోవడానికి నాలుగు నిమిషాలు చాలు. సర్వరయ్య దింపుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది.

ప్యాచ్ పడేదాకా గోడమీది తెరపై ఆ సర్వరు పక్కన ఎర్రదీపం వెలుగుతూ ఉంటుంది. ఎర్రదీపం ఉండగా సర్వరయ్యకు సెలవు లేదు. పుట్టింట్లో ఉన్న ఆయన భార్యకు ఆడపిల్ల పుట్టి కూడా సరిగ్గా రెండు నెలలే. ఆ ఊరికి ఆరు గంటల ప్రయాణం. ఆయన ఇంతవరకు కూతుర్ని ఎత్తుకోలేదు.

"ఏవండీ, పాప ఫోన్ చూస్తే చాలు, నవ్వుతోందండీ," అంది భార్య. "నాన్నంటే ఫోనే అనుకుంటోంది."

"వచ్చేస్తాలే. ఇంకొక్క ఫారమే ఉంది."

"పోయినసారీ అదే మాట చెప్పారు!"

"అది వేరే ఫారం."

ఫోన్ పెట్టేశాక సర్వరయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

బయటి సైట్లకు అనుమతి కోరే ఫారాలు వెళ్లేది భద్రతా విభాగం పెద్ద, ముఖ్య అనుమానాధికారి దగ్గరికి. ఆయన చెడ్డవాడేం కాదు. తన పుట్టినరోజు శుభాకాంక్షల్ని కూడా తెరవకుండా తీసిపారేసే నిష్ఠాపరుడు, అంతే. సైట్ తెరుచుకోవడానికి మూడు పనిదినాల్లో అనుమతి ఇచ్చాడు. సైట్ తెరుచుకుంది. తీరా చూస్తే అది దుకాణం మాత్రమే, సరుకు వేరే గోదాములోంచి వస్తుంది. ఆ గోదాము చిరునామా రోజుకొకటి. సోమవారం చిరునామాకు అనుమతి గురువారం చేతికొచ్చేది. ఈలోగా ఫైలు మూడు ఇళ్లు మారేది.

"మీ ఫైలుని ఓ మూడు రోజులు కదలకుండా కూచోబెట్టగలరా?" అని సర్వరయ్య తయారీవాళ్లకు ఫోన్ చేసి బతిమాలాడు.

"అంత కష్టమెందుకు సార్, ఇంట్లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి," అన్నారు వాళ్లు జాలిపడి.

పెన్‌డ్రైవ్ దూరే చోట్లన్నిటినీ భద్రతా విభాగం ఏనాడో జిగురు పోసి మూసేసింది. (ఆ కంపెనీలో సకాలంలో పూడ్చిన చిల్లులు అవే.)

ఇలా ఉండగా ఒక మంగళవారం పొద్దున సర్వరయ్య ఆఫీసుకు వచ్చి తెరవైపు చూసి అక్కడే నిలబడిపోయాడు. దీపం ఆకుపచ్చగా ఉంది. ప్యాచ్ పడింది. ఆయన మాత్రం వేయలేదు.

గంటసేపు వెతికితే సంగతి బయటపడింది. ఎవడో దొంగ ఆ చిల్లులోంచే లోపలికొచ్చి, సొంతానికి ఒక సిబ్బంది ఖాతా తెరుచుకుని, తన వెనకే ఇంకో దొంగ రాకుండా ప్యాచ్ తెచ్చి వేసుకున్నాడు. వేసేముందు పద్ధతిగా బ్యాకప్ తీశాడు. ఏళ్లనాటి చెత్త ఫైళ్లు ఊడ్చి శుభ్రం చేశాడు. ఆ పనితనం చూసి సర్వరయ్యకు ఒళ్లు మండింది, కాస్త ముచ్చటా వేసింది.

నోరు మూసుకుంటే రాత్రికి బస్సెక్కొచ్చు. పొద్దుటికల్లా పాప చేతుల్లో ఉంటుంది. సంచి భుజాన వేసుకున్నాడు కూడా. కానీ లక్షమంది చిరునామాలు గుర్తొచ్చి సంచి దింపేశాడు. నా అంత వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా అని తిట్టుకుంటూ అనుమానాధికారి గదికి వెళ్లాడు.

"సార్, సర్వర్లో దొంగ పడ్డాడు. ఇంకా లోపలే ఉన్నాడు. ప్యాచ్ వేసింది కూడా వాడే."

అనుమానాధికారి ఉలిక్కిపడ్డాడు. "అనుమతి లేకుండానా?"

"దొంగ కదండీ..."

"అదే అడుగుతున్నా. ఫారం పెట్టాడా, లేదా?"

అత్యవసర కమిటీ కూర్చుంది. అనుమతిలేని ప్యాచ్‌ని పీకేద్దామన్నారు గానీ, పీకే సాధనం కూడా బయటినుంచే దింపుకోవాలని తేలి ఆ ఆలోచన మానుకున్నారు. ఇక దొంగ. భద్రతా విభాగం పరిధి బయటివాళ్లవరకే. ఈయన ఇప్పటికే లోపల ఉన్నారు కాబట్టి సిబ్బంది విభాగం కిందికి వస్తారు. సిబ్బంది విభాగం పరిశీలించి, ఖాతా ఉంది, పాస్‌వర్డ్ గట్టిగా ఉంది, హాజరు ఇరవై నాలుగు గంటలూ ఉంది, తీసేయాలంటే నెల రోజుల నోటీసు ఇవ్వాలి అని చెప్పింది. నోటీసు పంపడానికి ఆయన చిరునామా ఎవరి దగ్గరా లేదు. (అందరి చిరునామాలూ ఆయన దగ్గర ఉన్నాయి.)

"మరి మన ఖాతాదారుల గతేంటి సార్?" అన్నాడు సర్వరయ్య.

"కంగారెందుకండీ? దీపం పచ్చగానే ఉందిగా," అన్నాడు అనుమానాధికారి. "అన్నట్టు, మీరు సెలవు అడిగారు కదూ? దీపం పచ్చగా ఉన్నా, సర్వరు పని తెలిసిన ఇంకొకరు ఇన్‌చార్జిగా ఉంటే తప్ప ఇవ్వకూడదు. ఇన్నాళ్లూ మనకెవరూ లేరు. ఇప్పుడొకరున్నారు."

సర్వరయ్య ఏదో అనబోయాడు. పాప కళ్లముందు మెదిలింది. సెలవు కాగితం తీసుకుని వచ్చేశాడు.

పాప మొదటి రోజు ఆయన్ని చూసి గుక్కపట్టి ఏడ్చింది. రెండో రోజు అనుమానంగా చూసింది. నాలుగో రోజు ఆయన వేలు పట్టుకుని బోసినోటితో నవ్వింది. సెలవు ఆ రోజుతో అయిపోయింది. ఆయనకు కదలబుద్ధి కాలేదు. "కుటుంబ కారణాలవల్ల" ఇంకో వారం పొడిగించమని, ఎలాగూ ఇవ్వరులే అనుకుంటూనే దరఖాస్తు పంపాడు. మామూలుగా దానికి జవాబు రావడానికి మూడు వారాలు పడుతుంది.

పది నిమిషాల్లో వచ్చింది.

"రెండు వారాలు మంజూరు చేశాను. పాపకి మీరు అలవాటవుతున్న సమయంలో ప్రయాణం మంచిది కాదు. ఇక్కడ అన్నీ నేను చూసుకుంటాను. ఇట్లు, ఇన్‌చార్జి."

తన దరఖాస్తులో పాప ఊసే లేదని సర్వరయ్యకు తెలుసు. అయినా, పన్నెండేళ్ల ఉద్యోగంలో అడిగిన రోజే జవాబిచ్చిన అధికారి ఈయనొక్కరే కాబట్టి, "గౌరవనీయులైన ఇన్‌చార్జి గారికి" అంటూ కృతజ్ఞతలు రాసి పంపాడు.