మొగలిలంక పైపుకి యాభై ఏళ్ళ ఆయుష్షు

ఏలూరు పౌరులందరూ గర్వించదగ్గ ఘటన ఒకటి 2004 మార్చిలో జరిగింది. వట్లూరు వైపున్న ఓ ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో సివిల్ లెక్చరరు బొంతు ఎలీయాజరుగారు "కాంపోజిట్ పైపులైన్ల జీవితకాల వ్యయం, పర్యావరణ ప్రభావం: మొగలిలంక మంచినీటి పథకంపై సమగ్ర అధ్యయనం" అనే గ్రంథానికి డాక్టరేటు పొందారు. గ్రంథం మూడువందల పన్నెండు పేజీలు. పైపు ఏడు కిలోమీటర్లు. ఆ పైపులోంచి మొగలిలంకకి వచ్చిన మంచినీళ్ళు, ప్రారంభోత్సవం నాటివి మినహాయిస్తే, చుక్క కూడా లేవు. ఈ చివరి విషయం పరిశోధనకి ఏమాత్రం అడ్డం రాలేదని మనవి.

కాంపోజిట్ పైపంటే తెలియనివాళ్ళుంటారు కాబట్టి చెప్పాలి. గాజుపీచుకి జిగురు పట్టించి చేస్తారు. తుప్పు పట్టదు, తేలిగ్గా ఉంటుంది, యాభై ఏళ్ళు మన్నుతుందని కంపెనీవాళ్ళ మాట. ఫ్యాక్టరీలో పుట్టిన నాటినుంచి మట్టిలో కలిసే నాటిదాకా దానికయ్యే ఖర్చెంత, దానివల్ల నేలకీ నీటికీ గాలికీ జరిగే చేటెంత అని తేల్చడమే ఎలీయాజరు పని. మొగలిలంకలో పుట్టిన మనిషి గురించి ఇంత శ్రద్ధగా ఎవరూ ఎన్నడూ ఆరా తీసి ఎరగరు.

అప్పటికింకా అతను గారు కాదు, ఉత్త ఎలీయాజరే. పైపులమీద అతనికి పుట్టుప్రేమ ఏమీ లేదు. డాక్టరేటు లేని లెక్చరర్లు 2004 జూన్ నుంచి కాలేజీకి రానక్కర్లేదని యాజమాన్యం ముందే సర్క్యులర్ పంపింది. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, కాబట్టి రావలసిన అవసరం అతనికి ఉంది. మొగలిలంకనే ఎంచుకోవడానికి మాత్రం వేరే కారణం. తల్లి పోయాక అతన్ని పెంచి, వలలు అల్లి చదివించిన పెద్దమ్మ మార్తమ్మది ఆ ఊరే.

మొగలిలంక కొల్లేటి నడుమ ఊరు. ఎటు చూసినా నీళ్ళే, గొంతు తడుపుకోవడానికి మాత్రం పనికిరావు. రోజు విడిచి రోజు ఏలూరు నుంచి ట్యాంకరు వస్తుంది. దాని హారన్ వినపడితే పాస్టరుగారు కూడా ప్రార్థన కుదించి ఆమెన్ అనేస్తారు. ఈ కష్టం తీర్చడానికే 2001లో పైపు వేశారు. ఓ పెద్దమనిషి వచ్చి, చక్రం తిప్పి, "ఈరోజు నుంచి మొగలిలంక ఆడపడుచుల కన్నీళ్ళు ఆగి, కొళాయి నీళ్ళు మొదలవుతాయి" అని ఉపన్యసించారు. కొళాయి ధారగా పారింది. షామియానా వెనకాల అదే ట్యాంకరు గొట్టం తగిలించుకుని నిలబడి ఉండటం కేవలం యాదృచ్ఛికం. మోటారుకి కావలసిన ట్రాన్స్‌ఫార్మరు త్వరలో వస్తుందని ఆ వేదికమీదే ప్రకటించారు. ఆ త్వరలో ఇంకా నడుస్తూనే ఉంది.

నెలనెలా పైపు మొదట్లో ఉన్న పంపుహౌసుకి వెళ్ళి నీటి మీటరు రీడింగు రాసుకోవడంతో పరిశోధన మొదలైంది. మొదటిసారి వెళ్ళినప్పుడే ఎలీయాజరు కళ్ళు నులుముకున్నాడు. మోటారు లేదు, కరెంటు లేదు, మీటరు మాత్రం తిరుగుతోంది. అదీ వెనక్కి తిరుగుతోంది.

పైపు వెంబడే నడుచుకుంటూ వెళ్ళగా మూడో కిలోమీటరు దగ్గర సంగతి బయటపడింది. అక్కడ నరసరాజుగారి చేపల చెరువులు, నలభై ఎకరాలు. ఆయన పైపుకి కన్నం పెట్టి, డీజిల్ ఇంజను తగిలించి, చెరువులో కుళ్ళిన నీళ్ళని అందులోకి తోడుతున్నారు. ఆ నీళ్ళు వెనక్కి ప్రయాణం చేసి, పంపుహౌసు పక్క డ్రెయిన్లో పడి, అక్కణ్ణించి తిరిగి కొల్లేరు చేరుతున్నాయి. నరసరాజుగారు మర్యాదస్తులు. దొరికిపోయానని కంగారుపడలేదు, కుర్చీ వేయించి కొబ్బరిబొండం కొట్టించారు.

"గవర్నమెంటు సొత్తండి, ఖాళీగా పడుంటే పాడైపోద్ది కదండీ. ఏదో మన చేతనైన సాయం," అన్నారాయన. "ఊరివైపు వాల్వు మాత్రం గట్టిగా కట్టేశానండి. ఆళ్ళు తాగే కొళాయిలోకి మురుగెళ్తే పాపం కదండీ."

ఇంత నీతి ఉన్న మనిషిమీద ఎవరికి మాత్రం ఫిర్యాదు చేయబుద్ధవుతుంది? పైగా బయల్దేరేటప్పుడు ఆయన సంచిలో రెండు బొచ్చె చేపలు వేసి ఇచ్చారు, ఒక్కోటీ మూడేసి కేజీలు. ఎలీయాజరు వద్దనలేకపోయాడు. వద్దనకపోవడానికి విద్యాసంబంధమైన కారణం ఉంది.

అతని గైడు ప్రొఫెసర్ చలపతిరావుగారి కాపురం తాడేపల్లిగూడెంలో. ఆదివారంనాడు శిష్యులు గైడుగారింటికి వెళ్ళడం, ఖాళీ చేతులతో వెళ్ళకపోవడం అక్కడి సంప్రదాయం. ఒకాయన వంకాయలు తెచ్చేవాడు, ఒకాయన గ్యాసు బండ మార్పించేవాడు. ఎలీయాజరు చర్చి ఆరాధన మానుకుని, పాసింజరెక్కి, చేపలు పట్టుకెళ్ళేవాడు. గురువుగారు ముందు చేప మొప్ప ఎత్తి చూసి, ఆ తర్వాత అధ్యాయం అట్ట ఎత్తి చూసేవారు. మొప్ప ఎర్రగా ఉన్న వారం అధ్యాయంలో ఎర్రగీతలు పడేవి కావు.

అంతా సజావుగా సాగుతుండగా ఓ ఆదివారం ఆయన రీడింగుల పట్టిక దగ్గర ఆగిపోయారు.

"ఏవయ్యా, ఈ మైనస్సులేవిటి?"

"నీళ్ళు వెనక్కి పోతున్నాయండి. అవీ మంచినీళ్ళు కాదండి, చెరువు మురుగండి."

"నీ పరిశోధన నీళ్ళ మీదా, పైపు మీదా?"

"పైపు మీదేనండి."

"మరి పైపుకి ఎటు పోతే ఏం? సూత్రంలో లాగరిథం ఉంది కదా. మైనస్సుంటే లెక్క తెగదు. లెక్క తెగకపోతే జూన్లో నీకు ఉద్యోగం ఉండదు. తీసెయ్."

ఇరవై నాలుగు నెలల అంకెల ముందున్న మైనస్సులు కంప్యూటర్లో ఒక్క మీటతో పోయాయి. మీట నొక్కాక ఎలీయాజరుకి అన్నం సయించలేదు. పెద్దమ్మ ఊరికి నీళ్ళొస్తున్నట్టు రాసేశానని భార్య షారోన్ దగ్గర బాధపడ్డాడు. ఆవిడ ఇంటర్మీడియట్ కాలేజీలో లైబ్రేరియను, అనుభవజ్ఞురాలు. థీసిస్సులు ఎవరూ చదవరని, పదకొండేళ్ళ సర్వీసులో ఒక్కరు కూడా అడగలేదని ధైర్యం చెప్పింది. అతను ఆ ధైర్యం పట్టుకుని నిద్రపోయాడు.

మైనస్సులు పోవడంతో ఫలితాలు కళ్ళు చెదిరేలా వచ్చాయి. మొగలిలంక పైపు ఇరవై నాలుగు నెలలూ నిండుగా ప్రవహించింది. మోటారు లేదు కాబట్టి కరెంటు ఖర్చు సున్నా. ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి రిపేర్లు సున్నా. బొగ్గు మండలేదు, పొగ రాలేదు, పర్యావరణానికి కీడు సున్నా. మనిషికి రోజుకి నూటముప్ఫై లీటర్లు అందుతున్నాయి. ఇంత పొదుపైన మంచినీటి పథకం దేశంలోనే ఉండదని ముగింపు అధ్యాయంలో తేలింది. మౌఖిక పరీక్షకి దూరంనుంచి వచ్చిన ప్రొఫెసరుగారు గ్రంథాన్ని అరచేతిలో తూచి సంతృప్తిపడ్డారు. ఆకివీడు ఎంత దూరం, అక్కడ రొయ్య ఏ రేటుంది అని రెండే ప్రశ్నలు వేశారు. రెండింటికీ అభ్యర్థి తడుముకోకుండా సమాధానం చెప్పాడు.

షారోన్ అంచనా దాదాపు నిజమైంది. గైడుగారు చదవలేదు, పరీక్షకులు చదవలేదు, అచ్చేసినవాడు చదవలేదు. కానీ ట్యాంకర్లు పంపే ఆఫీసులో హేమంత్‌కుమార్ అనే ఒక అధికారి ఉన్నాడు. ఖర్చులు తగ్గించమని పైనుంచి తాఖీదు రాగా, ఆధారాలు వెతుకుతూ ఆయన ఆ గ్రంథాన్ని మొదటిపేజీ నుంచి చివరిదాకా, అనుబంధాలతో సహా చదివాడు. చదివి, శాస్త్రీయంగా నిరూపితమైనందున మొగలిలంక ట్యాంకరు ఏప్రిల్ ఒకటి నుంచి రద్దు అని ఉత్తర్వు ఇచ్చాడు.

ఏప్రిల్ ఆరున మార్తమ్మ బస్సు దిగి అల్లాడుతూ వచ్చింది. చేతిలో ఖాళీ బిందె. ఎలీయాజరు ఇంటినిండా శాలువాలు, దండలు. ఆవిడ వాటి మధ్య కూర్చుని, చెంబుడు నీళ్ళు గటగటా తాగింది.

"ఒరే ఎలీయా, మనూరికి నీళ్ళొత్తన్నాయని నువ్వే కొలిచి రాశావంటగా. ఊరంతా అడగమన్నారు నాయనా. ఏ కొళాయి దగ్గర కొలిచావో చూపించు, ఎల్లి పట్టుకుంటాం."

ఎలీయాజరుకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చచ్చిపోకుండా, చొక్కా వేసుకుని తిన్నగా ట్యాంకర్ల ఆఫీసుకి వెళ్ళాడు.

హేమంత్‌కుమార్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. తనకి ఇంత మంచి గ్రంథం ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పాడు. విషయం విన్నాక తెల్లకాగితం ముందుకు జరిపాడు.

"దాందేముందండి డాక్టరుగారూ. గ్రంథంలో లెక్క తప్పు, ఊరికి నీళ్ళు రావట్లేదు అని రెండు లైన్లు రాసి సంతకం పెట్టండి. రేపొద్దున్నే ట్యాంకరు పంపిస్తాను. కాపీ ఒకటి యూనివర్సిటీకి పంపాల్సి ఉంటుందండి, రూలు."

ఎలీయాజరు పెన్ను మూత తీశాడు. మొగలిలంక అని రాశాడు. కాగితంమీద ఫ్యాను గాలి ఆడుతోంది. జూన్‌కి ఇంకా ఎనిమిది వారాలుంది. పెద్దమ్మ ఇంట్లో బిందె పక్కన కూర్చుని ఉంది. అతను పెన్నుకి మూత పెట్టి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"సోమవారం వస్తానండి," అన్నాడు.

ఎన్నో సోమవారాలు గడిచాయి. అలాగని డాక్టర్ ఎలీయాజరుగారు రాయిలాంటి మనిషని ఎవరూ అనడానికి వీల్లేదు. వారం వారం తన సొంత డబ్బుతో ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్నులు రెండు ఆటోలో పెద్దమ్మ ఇంటికి తప్పకుండా పంపుతున్నారు. మార్తమ్మ అందులోంచి తలో గ్లాసుడూ పసిపిల్లలున్న ఇళ్ళకి పోసి, మిగిలింది తాగుతుంది. మొగలిలంకలో మొత్తం నూట పదమూడు ఇళ్ళు. ప్రస్తుతానికి ఒక ఇంటికి మాత్రమే డాక్టరేటు ఉంది. మిగిలిన నూట పన్నెండు ఇళ్ళవాళ్ళు కూడా బద్ధకించకుండా ఇంటికొక బిడ్డని పరిశోధన దాకా చదివించుకుంటే ఆ ఊళ్ళో మంచినీటి సమస్య శాశ్వతంగా తీరిపోతుందని, పైపుకి ఇంకా నలభై ఏడేళ్ళ ఆయుష్షు ఉంది కాబట్టి తొందరేమీ లేదని, విజ్ఞుల అభిప్రాయం.