ఆరని ఎర్ర లైటు

1994లో ఆయుధపూజ మర్నాడు. తొమ్మిదింటికల్లా కోడంబాక్కం నుంచి తొండియార్‌పేటలో బావమరిది గృహప్రవేశానికి చేరాలని గోపాలస్వామి పథకం. అదీ తన నలభై ఏళ్ల నల్ల కారులోనే. "ఈతూరి దోవలో నిల్చిపోయిందో, నేరుగా వ్యాసర్పాడి పాత ఇనుం కొట్టుకే" అని భార్య పుష్పవల్లి ముందే తీర్పు చెప్పేసింది. ఆయనకు ఆ కారంటే ప్రాణం. వాళ్ల నాన్న డ్రైవింగు నేర్పింది అందులోనే.

నుంగంబాక్కం దాటాక ఆయన చూపు మీటర్ల పక్కనున్న బుల్లి లైటు మీద పడింది. ఇంజను నడిచేటప్పుడు ఆరిపోవాల్సిన లైటు ఎర్రగా ఉంది. అంటే డైనమో బ్యాటరీకి ఛార్జి ఇవ్వడం లేదు. చెబితే ఇనుం కొట్టు, చెప్పకపోతే నడిరోడ్డు!

వెంటనే కరెంటు పొదుపు మొదలైంది. హారన్ మానేసి, కిటికీలోంచి తల బయటపెట్టి "ఓరం పో! ఓరం పో!" అని పక్కకు తప్పుకోమంటూ అరవసాగాడు.

"హారన్ ఉండాది గదండీ? పరువు పోతా ఉండాది!"

"చెవులకు మంచిది కాదు, పుష్పా."

రాయపురంలో మెకానిక్ చిన్నప్ప షెడ్డు ముందు కారాపి, "పూజ మరమరాలు ఇచ్చేసి రెండు నిమిషాల్లో వస్తా" అన్నాడు. చిన్నప్ప చెవిలో మాత్రం, "ఇంజను ఆపొద్దు. ఆపితే మళ్లీ లేవదు" అన్నాడు.

చిన్నప్ప బ్యాటరీకి మీటరు పెట్టాడు. "పద్నాలుగు ఓల్టులు. ఛార్జి బంగారంగా ఉండాది సార్."

"మరి ఆ లైటు?"

చిన్నప్ప కిటికీలోంచి తొంగి చూశాడు. "ఎర్రగానే ఉండాది!"

తప్పు మీటరుదేనని ఇద్దరూ తేల్చేశారు. ఇంకో మీటరు తెచ్చాడు. అదీ పద్నాలుగే. ఇక బెల్టు చూశాడు, ఛార్జిని అదుపు చేసే రెగ్యులేటరు పెట్టె విప్పి వైర్లు అటూ ఇటూ మార్చాడు. పెట్టెలోంచి పొగ లేచింది. గోపాలస్వామి హడలిపోయి తాళం తిప్పి బయటికి లాగేశాడు. ఇంజను ఆగింది. లైటు ఎర్రగానే ఉంది.

"తాళం నా చేతిలో ఉండాది, ఆడ మండతానే ఉండాది!"

"షార్టు సార్!" అంటూ చిన్నప్ప బ్యాటరీ ఊడదీసి నేల మీద పెట్టాడు. అయినా ఎర్రగానే ఉంది. చిన్నప్ప రెండడుగులు వెనక్కి వేసి కారుకు దణ్ణం పెట్టాడు.

పుష్పవల్లి ముందుకు వంగి చూసింది. "ఈడ మండేదేముంది? నిన్న పూజకి నేను పెట్టిన కుంకుమ బొట్టు గదా!" అని కొంగుతో తుడిచేసింది. లైటు మీది బుల్లి అద్దం తెల్లగా బయటపడింది. గోపాలస్వామికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

బ్యాటరీ మళ్లీ బిగించి స్టార్టు చేశారు. తుడిచిన అద్దం వెనక లైటు ఎర్రగా వెలిగింది. ఎంతకూ ఆరలేదు.

చిన్నప్ప తల గోక్కున్నాడు. "పెట్టె కాలిపోయింది సార్. ఇప్పుడు నిజంగానే ఛార్జి లేదు. హారన్ కొట్టకుండా పోండి."

తొండియార్‌పేట దాకా పుష్పవల్లే కిటికీలోంచి తల బయటపెట్టి "ఓరం పో!" అని అరిచింది. ఆ తర్వాత వాళ్లింట్లో పాత ఇనుం మాట ఆవిడ ఎత్తలేదు, కుంకుమ మాట ఆయన ఎత్తలేదు.