తొమ్మిది లైన్ల సన్మానపత్రం

అమెరికాలో సైన్సును ఆదుకునే బాధ్యత ఇక డాలస్ పక్కనున్న కాపెల్ తెలుగు వైభవ వేదికదేనని అధ్యక్షులు పరంధామయ్యగారు వాట్సాప్‌లో ప్రకటించారు. తొలి విడతగా డాక్టర్ త్రివేణికి ‘విజ్ఞాన శిరోమణి’ బిరుదు. గ్రూపులో నాలుగు వందల మంది చేతులు జోడించారు.

చెప్పొద్దూ, త్రివేణి పొంగిపోయింది. ఆమె గ్రీన్‌కార్డు పిటిషన్‌కు ఒక్క అవార్డు తక్కువైంది. సోమవారానికల్లా సన్మానపత్రం చేతికి రాకపోతే కేసు పోయినట్టేనని లాయరు చెప్పి ఉన్నాడు. కేసు పోతే వీసా, ల్యాబు, ఆరేళ్ల పని అన్నీ పోతాయి.

శుక్రవారం పరంధామయ్యగారి గరాజ్‌లో కమిటీ కూర్చుంది.

"ఇంతకీ నీ రీసెర్చ్ ఏంటమ్మా? స్టేజ్ మీద నేను రెండు ముక్కలు మాట్లాడాలి కదా," అన్నారాయన.

"మన కణాలు లోపలి ప్రోటీన్ ముక్కని ఒక ఫ్రేములో పెట్టి బయటికి చూపిస్తాయి అంకుల్. ఆ ముక్కే పెప్టైడ్. దండలోలాగా మామూలుగా తొమ్మిది పూసలుంటాయి. ఒంట్లో కాపలా తిరిగే టీ సెల్ వచ్చి చూసి, ఇది వైరస్‌ది అని గుర్తుపడుతుంది."

"పూస మారిస్తే?"

"రెండోదో తొమ్మిదోదో మారిస్తే ఫ్రేములో పట్టు ఉండదు, జారిపోతుంది. మధ్యలో ఐదోది మారిస్తే చక్కగానే కూర్చుంటుంది. కానీ టీ సెల్ గుర్తుపట్టక వెళ్లిపోతుంది."

పరంధామయ్యగారు కళ్లు మూసుకుని మరీ విన్నారు. ఎంతైనా పెద్దమనిషి.

సన్మానపత్రంలోనూ తొమ్మిది లైన్లే. ఉపాధ్యక్షుడు శశికాంత్ దాన్ని అందుకుని మొహం చిట్లించాడు.

"ఐదో లైన్‌లో త్రివేణిగారి పేరొక్కటే ఉంది. మా ప్యానల్ లేడీస్ హర్ట్ అవుతారు. ఎలక్షన్లు పెట్టుకుని ఇదేం పని సార్?"

"అయితే రెండో లైను తీసేద్దామా?" అన్నారెవరో. అది వేదిక పేరు.

"సైన్స్ ఒప్పుకోదు," అన్నారు పరంధామయ్యగారు. "రెండోదీ తొమ్మిదోదీ ముట్టుకుంటే మొత్తం జారిపోద్దని అమ్మాయి ఇప్పుడే కదా చెప్పింది."

తొమ్మిదో లైను ఆయన సంతకం.

"అంకుల్, ఐదోది..."

"ఐదోది మారిస్తే చక్కగా కూర్చుంటుందన్నావుగా."

"కానీ గుర్తుపట్టరండీ."

"నిన్ను గుర్తుపట్టని తెలుగువాడు డాలస్‌లో ఎవడమ్మా?"

తీర్మానం ఏకగ్రీవం. మర్నాడు సభలో శాలువా కప్పారు, అధ్యక్షులు నలభై నిమిషాలు మాట్లాడారు, బంగారు రంగు ఫ్రేము త్రివేణి చేతిలో పెట్టి ఫొటోకి నవ్వమన్నారు. ఐదో లైన్‌లో ‘సమస్త మహిళాశక్తికి’ అని ఉంది.

సోమవారం లాయరు అవినాష్ ఆ ఫ్రేమును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫ్రేమ్ సూపరండీ. కానీ అవార్డు ఎవరికిచ్చారో నాకే అర్థం కావట్లేదు, ఆఫీసర్‌కేం అర్థమవుద్ది? ఇందులో గుర్తుపట్టగలిగింది పరంధామయ్యగారినొక్కర్నే. ఆయనకేమన్నా గ్రీన్‌కార్డు కావాలా?"

"ఆయన సిటిజన్ అండీ," అంది త్రివేణి. ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువ ఒళ్లు మండింది. పార్కింగ్ లాట్‌లోంచే పరంధామయ్యగారికి ఫోన్ చేసింది.

"నన్ను గుర్తుపట్టట్లేదు అంకుల్. నా కేసు పోతోంది. ఆ లైను ఇవాళే మార్పించండి."

"కమిటీ తీర్మానం కదమ్మా, జనరల్ బాడీ దాకా కదపలేం." అంతలో ఆయనకో అనుమానం వచ్చింది. "ఫ్రేములోంచి పత్రం మాత్రం జారిపోలేదుగా?"

"లేదు."

"మరి నీ రీసెర్చ్ కరెక్టే కదమ్మా," అన్నారాయన, ఎంతో సంతోషంగా.

సాయంత్రం వాట్సాప్‌లో ప్రకటన వచ్చింది. ఒక సోదరి చేసిన పరిశోధన నిజమేనని వేదిక ప్రయోగం చేసి మరీ నిరూపించిందట. కింద పరంధామయ్యగారి పేరుంది. నాలుగు వందల మంది చేతులు జోడించారు.