చంద్రశేఖరం సన్నాయి, కోర్టువారి పరిధి

కోర్టుకెళ్లినవాడికి దక్కే వరాల్లో గొప్పది గెలుపు కాదు. ‘ఈ దావా వినే పరిధి మాకు లేదు’ అని కొట్టేయించుకోవడం! నవ్వకండి. గెలిస్తే అవతలివాడు అప్పీలుకెళ్తాడు, ఓడితే మనం వెళ్లాలి. పరిధి లేదంటే ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. ఇంతకన్నా సమన్యాయం ఇంకెక్కడుంది?

నమ్మకపోతే నరసన్నపేట పక్క పల్లెలో సన్నాయి చంద్రశేఖరాన్ని చూడండి. తాతల నాటినుంచీ శివాలయంలో మేలుకొలుపు వాయించే ఇల్లు వాళ్లది. ఒకనాడు ఆలయ అధికారి కరెంటుతో నడిచే డప్పూ గంటల మిషను తెచ్చి బిగించి, ఇక రానక్కర్లేదన్నాడు. మిషను జలుబని సెలవు పెట్టదు కదా!

“మిసనుకి భూపాల రాగమొస్తాదేటి బాబూ?” అని అడిగాడు చంద్రశేఖరం. అధికారి స్విచ్చి వేశాడు. ఆ మోతలో దేవుడేమన్నాడో ఎవరికీ వినపడలేదు.

తెల్లవారుజామున ఆ గుమ్మంలో నిలబడి ఊదకపోతే చంద్రశేఖరానికి తెల్లారినట్టుండదు. అందుకే వాయించే హక్కు తనదని దావా వేశాడు.

కోర్టువారు తొందరపడలేదు. తొందరలో న్యాయానికి కాలు బెణికితే ఎవరిది పూచీ? తీర్పొచ్చేదాకా ఎక్కడివాళ్లు అక్కడే ఉండమని మాత్రం మొదటి వాయిదాకే ఉత్తర్వు వేశారు. మిషను గుళ్లో ఉంది, చంద్రశేఖరం ఇంట్లో ఉన్నాడు. అలాగే ఉండిపోయారు. ఆ తర్వాత ఒకసారి జడ్జిగారి బదిలీ, ఒకసారి లాయర్ల సమ్మె, ఒకసారి ఫైలే కనపడలేదు. ప్రతి వాయిదాకీ భార్య త్రిపురసుందరి కట్టిచ్చిన చద్ది పట్టుకుని బస్సెక్కడం, కోర్టు అరుగు మీద తిని తిరిగి రావడం.

తొమ్మిదేళ్లకు తీర్పొచ్చింది. గుడి వ్యవహారాలకు వేరే ట్రిబ్యునల్ ఉందట, తమకు పరిధి లేదట. ఇది గుడి గొడవేనని దావాలో మొదటి వాక్యమే చెబుతోంది. ఆ ఒక్క వాక్యానికి తొమ్మిదేళ్లు పట్టిందంటే ఎంత శ్రద్ధగా చదివుంటారు!

లాయరు దేవేంద్ర ముఖం వెలిగిపోయింది. “దిగులు పడకండి గురువుగారూ. తప్పు కోర్టులో గడిచిన కాలాన్ని చట్టం లెక్కలోంచి తీసేస్తుంది. ఈ తొమ్మిదేళ్లూ గడవనట్టే. రేపే ట్రిబ్యునల్లో వేసేద్దాం” అన్నాడు.

విన్నారా? తొమ్మిదేళ్ల వయసు వెనక్కిచ్చే డాక్టరు ఎక్కడైనా ఉన్నాడా?

చంద్రశేఖరం ఆశగా ఇంటికెళ్లి, తొమ్మిదేళ్లుగా మేకుకి వేలాడుతున్న సన్నాయి దించాడు. దాని కొసనున్న పీక తడిపి, పెదవుల మధ్య పెట్టుకుని ఊదాడు. గాలి వచ్చింది, స్వరం రాలేదు. వాయిదాకీ వాయిదాకీ మధ్య ముందు పళ్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. పీకకు పట్టు దొరకడం లేదు. మళ్లీ ఊదాడు. కళ్లలో నీళ్లొచ్చాయి.

త్రిపురసుందరి గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. “ఆ లాయరుబాబుకి ఫోన్ సెయ్యి. ఏళ్లు గడవనట్టేనన్నాడు గదా, మరి నీ పళ్లో? అయ్యీ రాలనట్టేనేటి? కనుక్కో” అంది.

కనుక్కున్నాడు. పళ్లు చట్టం పరిధిలోకి రావట.